కర్మన్‌ఘాట్ దాకా నన్ను తరిమిన మడమలు

నా పిరికితనం చాలాకాలం మా ఇంటి గుమ్మం దాటలేదు. అది ఒక పొగమంచు ఉదయాన అంతర్జాతీయ స్థాయికి ఎదిగి, ఏ పాపం ఎరగని ఫిన్లాండ్ దేశాన్ని ఎలా ఇరుకున పెట్టిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఇంట్లో ఒక్కరే ఉంటే మాత్రం, ఎవరైనా వచ్చాక చదవండి.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాను. కాలం, దూరం లెక్కల్లో రైళ్ళను ఎంత వేగంగానైనా పరిగెత్తిస్తాను గాని, నేను సిటీ బస్సు కోసం కూడా పరిగెత్తను. అలాంటివాణ్ణి, ఎల్బీనగర్ అవతలి మైదానంలో వయసు పైబడ్డవాళ్ళకు అంతర్జాతీయ పరుగుపందేలని తెలిసి, వాలంటీర్‌గా చేరాను. టోపీ ఇస్తామన్నారు. అది ఏ రకం టోపీయో అప్పుడు తెలీదు.

మా వాలంటీర్లకు పెద్ద, పీఈటీ యాదగిరన్న. ఆయన నాకు ఒప్పజెప్పింది ఐనో అనే ఫిన్లాండ్ ఆవిడను. అరవై దాటిన మనిషి. పదిహేను వందల మీటర్ల పరుగు.

"సార్, జర చెవులు పెట్టి ఇనుండ్రి. పందెం ముంగట పేర్లు పిలుస్తరు. అమ్మ అక్కడ లేకుంటె పేరు కొట్టేస్తరు. గంతే. ఎంత దూరంకెళ్ళి ఒచ్చిందో ఎవ్వడు సూడడు."

"నేనున్నానుగా యాదగిరన్నా!"

"మీరున్నరనే నా పరేషాన్ సార్."

ఆవిడ బస కర్మన్‌ఘాట్ దగ్గర ఒక కాలనీలో. పైప్‌లైన్ కోసం వీధి తవ్వేశారు కనుక ఆటోను మలుపులోనే ఆపించాను. నడిచి వెళ్ళి ఆవిడ సంచీ అందుకున్నాను. పరుగు బూట్లు, చొక్కాకు తగిలించుకునే నంబరు, అన్నీ అందులోనే. "నువ్వు పద, వస్తున్నా" అని ఆవిడ ఇంగ్లిష్‌లో అంటే, సంచీ భుజానేసుకుని మళ్ళీ మలుపులోకి వచ్చి నిలబడ్డాను.

మంచు ఎలా ఉందంటే, నా చెయ్యి నాదేనన్న నమ్మకంతో ఊపుకోవలసిందే. వీధి దీపాలు పలచని మజ్జిగలో పడ్డ నిమ్మకాయల్లా వెలుగుతున్నాయి. పాలవాడి మీద, పేపరువాడి మీద, నామీద కూడా మొరిగే వీధికుక్కలు ఒక్కసారిగా నోరు మూసుకుని, ఆగి ఉన్న కారు కిందికి దూరాయి. ఒకటి సన్నగా ఏడ్చింది.

అప్పుడు వీధిలోంచి ఒక తెల్లటి ఆకారం నా వైపు రాసాగింది. తల మీద ముసుగు. తవ్విన కంకర మీద నడుస్తోంది, చప్పుడు లేదు. లోకంలో అందరూ ముఖం చూసి మనిషిని గుర్తుపడతారు. మా అమ్మమ్మ పెంపకంలో మేము ముందు కాళ్ళు చూస్తాం.

అది దీపం కిందికి రాగానే చూశాను. మడమలు నా వైపు ఉన్నాయి. వేళ్ళు అటువైపు. మడమలే ముందుకొస్తున్నాయి.

"ఏమైంది సార్, గట్ల బిగుసుకపోయిన్రు?" అన్నాడు ఆటో సలీం.

"కా... కాళ్ళు!"

"నొస్తున్నయా?"

"వెనక్కి! వెనక్కి ఉన్నాయి!"

సలీం తొంగి చూశాడు. మరుక్షణం ఆటో లేదు. కిరాయి మాట కూడా ఎత్తకుండా వెళ్ళిపోయిన ఆటోవాణ్ణి హైదరాబాద్‌లో నేనొక్కణ్ణే చూశాను.

నేనూ పరుగు లంకించుకున్నాను. కర్మన్‌ఘాట్ హనుమంతుడు తప్ప దిక్కు లేదు. కొంత దూరం పోయాక వెనక అడుగుల చప్పుడు మొదలైంది. తేలికగా, తొందర లేకుండా, దగ్గరవుతూ.

"స్టాప్! ప్లీజ్ స్టాప్!"

దిల్‌సుఖ్‌నగర్ పక్కన ఉన్నాక, ప్రాణం ఉన్నవాళ్ళేమిటి, పోయినవాళ్ళు కూడా స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరతారు కాబోలు! ఇంకా గట్టిగా పరిగెత్తాను. గుడి ముందు పూలమ్మే ఆవిడ బుట్ట పక్కన కుప్పకూలాను. చల్లటి చెయ్యి భుజం మీద పడింది.

"నా బూట్లు," అంది ఐనో. తెల్ల జాకెట్టు, తలమీద ముసుగు. ఆవిడకు ఆయాసం కూడా లేదు.

"ఓ అయ్యా, గీ ముసలమ్మకు భయపడి ఉరికినవా?" అని పూలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంకో ఆటో పట్టుకుని మైదానానికి వెళ్ళేసరికి ఆఖరిసారి పేరు పిలుస్తున్నారు. ఐనో గేటు దగ్గరినుంచే చెయ్యెత్తి అరిచింది. పేరు కొట్టెయ్యడానికి పెన్ను ఎత్తినాయన దించాడు. ఆ ఒక్క క్షణంలో నేను మొక్కిన మొక్కులు ఇంకా తీరుస్తూనే ఉన్నాను.

పందెం సాగుతుండగా యాదగిరన్నకు జరిగింది చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు.

"అరె సార్, ఎనుకకు నడుసుడు వార్మప్ సార్! అందరు చేస్తరు. అమ్మ అట్ల ఒస్తుంటె దయ్యమనుకున్నరా? కిరాక్ ఉన్నరు పో!"

నా గుండె కుదుటపడింది. సిగ్గుకన్నా హాయి ఎక్కువైంది. ఐనో మూడో స్థానంలో వచ్చింది. మెడలో కంచు పతకంతో వస్తుంటే ఎదురెళ్ళి చేతులు జోడించాను.

"క్షమించండి. మీరు వెనక్కి నడుస్తుంటే చూసి భయపడ్డాను."

"వెనక్కా? నేనా?" అందావిడ. "నాకు మోకాలు బాగాలేదు. డాక్టర్ వెనకడుగు వెయ్యొద్దన్నారు. నేను మలుపులోకి వచ్చేసరికి నువ్వూ లేవు, ఆటో లేదు. తెల్లబట్టల్లో ఒకావిడ మాత్రం నిలబడి ఉంది. నువ్వు పోయిన దారి చేత్తో చూపించింది. ఆవిడే లేకపోతే ఈ పతకం లేదు."

యాదగిరన్న నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఆవిడ... కాళ్ళు..." అన్నాను.

"కాళ్ళెవరు చూస్తారు?" అంటూ ఐనో సంచీలోంచి ఒక చాక్లెట్ డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "మీ వీధులు నువ్వే ఎరుగుదువు. ఇది ఆవిడకిచ్చి, నా కృతజ్ఞతలు చెప్పు."

కనుక కర్మన్‌ఘాట్ హనుమంతుని సాక్షిగా, ఫిన్లాండ్ కంచు పతకం సాక్షిగా ప్రతిన పూనుతున్నాను. ఇకపై ఏ వీధిలో ఎవరు ఎదురొచ్చినా నా చూపు మోకాలి కిందికి దించను. డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. మూత తియ్యలేదు. కావలసినవారు ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు, మామూలుగా నడిచి వచ్చేటట్టయితే.