ముసలి నక్షత్రానికి తోడు

అశోక్‌నగర్ హాస్టల్‌లో నా గదిలో ఉండే అక్క, చనిపోతున్న ఒక నక్షత్రం మీద పరిశోధన చేసేది. ఏం చెప్పినా చేతులు గాలిలో తిప్పుతూ చెప్పేది. నక్షత్రం వదిలే వాయువు సుడి తిరుగుతూ ఎందుకు పోతోందో ఆమెకు ఎంతకీ అంతుపట్టలేదు. విసిగిపోయి, పరిశోధన మానేసి గ్రూప్స్ రాద్దామని పుస్తకాలు కూడా కొనుక్కుంది.

ఒక ఉదయం చిక్కడపల్లిలో ఇడ్లీ బండి దగ్గర తింటుంటే ఆమె ఫోన్‌కు ఆ నక్షత్రం గురించి టెలిస్కోప్ కొత్త ఫలితాలు వచ్చాయి. అవి చూసి, ప్లేటు నా చేతిలో పెట్టి, బండి పక్కనే గిర్రున తిరిగింది.

"ఏందక్కా, ఏమైంది?"

"అది ఒక్కటే లేదే! దాని చుట్టూ ఇంకో చిన్న నక్షత్రం తిరుగుతున్నది. గ్యాస్‌ను గట్ల తిప్పేది అదే!"

"మంచి ముచ్చటేనా అమ్మా?" అన్నాడు బండి అన్న.

"మస్తు మంచిదన్నా! ముసలిదానికి తోడున్నది!"

"అయితే ఇంకో ప్లేటు తినాలె," అంటూ ఆయన వేడి ఇడ్లీలు వడ్డించాడు.