గంగాకిషన్ సేటు మెచ్చుకున్న కథ

గంగాకిషన్ సేటు నోట మంచి మాట రాదు. వచ్చిందంటే మాత్రం భయపడాలి.

మీసం మొలిచినప్పటి నుంచి ఆయన ఆర్మూర్‌లో పసుపు కొంటున్నాడు. కొనేవాడు సరుకును మెచ్చుకుంటే ధర ఎగిరి కూర్చుంటుంది. అందుకని కుప్ప ముందు గొంతుక్కూర్చుని, ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి, వాసన చూసి, వేపాకు నమిలినట్టు ముఖం పెట్టి, "తేమున్నది. రంగు లేదు. గీ పసుపు ఏస్తే కూరకు సిగ్గయితది" అనేవాడు. ఆ వెంటనే ఆ కుప్పే కొనేవాడు. నాలుక అలాగే అలవాటుపడిపోయింది. పెళ్లిచూపుల్లో కూడా "పొట్టిగున్నది, పాట గూడ రాదు" అన్నాడట. పిల్ల తరఫువాళ్లు లేచి వెళ్లబోతుంటే సేటు నాయన అడ్డం పడి, "మావోనికి మస్తు నచ్చింది, జర కూసోండ్రి" అని బతిమాలుకోవాల్సి వచ్చిందట.

ఇంతవరకైతే ఊరు సర్దుకుపోయేదే. కానీ సేటుకు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలల పిచ్చి ఒకటి ఉంది. దుకాణంలో గోనె సంచుల పక్కన రెండు బీరువాల నిండా అవే. గ్రహాంతర యుద్ధాలు, రెక్కల గుర్రాలు, వెనక్కి తిరిగే కాలాలు, అన్నీ పసుపు వాసన కొడుతుండేవి. అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చేవాడు. ఇస్తూ తిట్టేవాడు.

"గిది చదవకు. పక్కా చెత్త. నిప్పంటే భయపడే డ్రాగనట! రాసినోనికి పనిలేదు, నాకు నిద్ర ఖరాబైంది."

"మరి నాకెందుకిస్తున్నవ్ సేటూ?"

"దుకాణంల జాగ లేదు. తీస్కపో!"

ఈ లెక్క ముందు పట్టుకున్నది టీకొట్టు మల్లేష్. సేటు బాగుందన్న నవల తీసుకుంటే రెండో పేజీలోనే కునుకు పట్టింది. చెత్త అన్నది తీసుకుంటే పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా సోయి లేకపోయింది. అప్పటి నుంచి అతను, "సేటూ, మొన్నటి కంటె చెత్తది ఇయ్యి" అని అడగడం మొదలుపెట్టాడు. ఊరంతా అదే మాట నేర్చుకుంది. నెలకో ఆదివారం చదివేవాళ్లంతా ఆ దుకాణంలో చేరి, తమకు నచ్చిన పుస్తకాల సంగతులు చెప్పుకునేవారు. సేటు వంతు వచ్చేసరికి అందరూ సంచుల మీద ముందుకు జరిగేవారు. "గిది రాసినోన్ని జైల్ల ఎయ్యాలె" అని సేటు శపించిన నవల కోసం ఇద్దరు బావాబామ్మర్దులు మాట్లాడుకోవడం మానేశారు.

దీక్షిత ఒక ప్రైవేటు బడిలో సైన్స్ టీచర్. ఆ బీరువాల్లో సగం ఆమె చదివేసింది. సేటు చెత్త అన్నప్పుడు అర్థమేమిటో ఊరందరిలాగే ఆమెకూ తెలుసు. బాగుందన్నప్పుడు అర్థమేమిటో అందరికంటే ఎక్కువ తెలుసు. ఒకసారి నందిపేట్ నుంచి చిన్నవ్వ అనే ముసలి రైతు వానకు తడిసిన పసుపు మార్కెట్‌కు తెచ్చింది. వ్యాపారులు దూరం నుంచే చూసి జరిగిపోయారు. సేటు మాత్రం కొమ్ము విరవకుండానే, "మంచిగున్నదవ్వా" అని మెల్లగా అని, ఆమెకు చాయ్ చెప్పాడు గానీ, సరుకు కొనలేదు. అప్పటికే కుంగిపోయిన మనిషి ముందు వంకలు లెక్కపెట్టడం ఎందుకని. అది దీక్షిత కళ్లారా చూసింది.

అలాంటి దీక్షిత ఒక కథ రాసింది. చంద్రుడి మీద పసుపు వేసిన ముసలమ్మ కథ. పంట బ్రహ్మాండంగా వస్తుంది గానీ కొనేవాడు అక్కడ ఒక్కడూ ఉండడు. కథ పూర్తయ్యాక ఆమె ఒట్టు పెట్టుకుంది. సేటు చెత్త అంటే ఇంకా రాయాలి. అనకపోతే కలం ముట్టకూడదు.

సేటు సంచి మీద కూర్చుని చదివాడు. మధ్యలో రెండుసార్లు ముక్కు గోక్కున్నాడు. దీక్షిత ఎదురుగా నిలబడి, తిట్టు కోసం చేతులు నలుపుకుంటూ ఎదురుచూసింది. చివరి కాగితం మడిచి సేటు అన్నాడు:

"మంచిగున్నది బిడ్డా."

దీక్షిత ఆ కాగితాల మడత విప్పి మళ్లీ ఆయన ముందు పెట్టింది. "కాకా, జర సరిగ్గ సూడు. ఏదన్న వంకుంటది."

"వంకేమున్నది? మస్తు మంచిగున్నది!"

చిన్నవ్వకైనా ఒక్క 'మంచిగున్నది' పడింది. తనకు 'మస్తు' కూడా పడింది. ఇంటికి పోయి కథ తిరగరాసింది. ముసలమ్మకు తోడుగా ఒక రోబోను కూడా పెట్టింది. అది చదివి సేటు, "గిది గూడ మంచిగనే ఉన్నది గని, ముందుదే ఇంక మంచిగున్నది" అన్నాడు. ఇక రాత తనకు రాసిపెట్టి లేదని ఆమె ఆ రోజు కరువుతీరా ఏడ్చింది. మొదట రాసిన కథ కాగితాలు సేటు దగ్గరే ఉండిపోయాయి. వాటిని వెనక్కి తెచ్చుకుని చింపేద్దామని సోమవారం బయలుదేరింది.

మార్కెట్ గేటు దగ్గర మల్లేష్ అడ్డం వచ్చాడు. "మేడం, సేటుకేమైందో ఎరుకనా? పొద్దుగాల్నుంచి కుప్పకు రైతుల దిక్కు నిలబడ్డడు! గా దిక్కు ఎన్నడన్న పోయిండా?"

నిజమే. ఎప్పుడూ కొనేవాళ్ల వైపు ఉండే మనిషి, రైతుల మధ్య నిలబడి కాగితాలు ఊపుతున్నాడు. అవతల ఎంకటి అనే ఇంకో వ్యాపారి ఉన్నాడు. అతని బామ్మర్ది నిజామాబాద్‌లో ఒక మాసపత్రిక నడుపుతాడు.

"సూడు ఎంకటీ, కథ ఎంత బరువున్నదో సూడు! ముసలమ్మ మాట సూడు, ఎట్ల మెరుస్తున్నదో! ఒక్క పుచ్చు లేదు, ఒక్క రాయి లేదు!"

జన్మలో ఏదీ పొగిడి అమ్మని మనిషికి పొగడటం ఏం తెలుసు? తనకు పసుపు అమ్మిన రైతుల మాటలన్నీ ఎత్తుకొచ్చి ఒకేసారి గుమ్మరిస్తున్నాడు.

"గంత పొగడకు సేటూ, నాకు భయమైతున్నది" అన్నాడు ఎంకటి. అయినా కాగితాలు తీసుకుని చదవడం మొదలుపెట్టాడు.

దీక్షిత సేటు చెయ్యి పట్టి పక్కకు లాగింది. "ఎందుకు కాకా గిట్ల? నా కథ తడిసిన సరుకని నాకెర్కే. ఊరంత చాటింపెయ్యాల్నా?"

"తడిసిందా? ఎవడన్నడు?"

"నువ్వే అన్నవ్! మంచిగున్నదన్నవ్!"

 ఆమె లెక్క అర్థమై సేటు తల కొట్టుకున్నాడు.

"పిచ్చిదానా! గా బీరువాల బుక్కులు నేను కొన్నయి. కొనేటోడు వంక పెడ్తడు. గిది నువ్వు రాసింది, మనింటి పంట! మనింటి పంటకు మనమే వంక పెడ్తమా? అమ్మేటోడు ఎట్ల మాట్లాడ్తడో నాకు రాదు బిడ్డా. పొద్దుగాల్నుంచి గీళ్లను సూసి నేర్సుకుంటున్న."

దీక్షిత సంతోషంతో ఆయన చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఈలోగా ఎంకటి చదవడం అయింది. ముఖం చేదుగా పెట్టాడు. "ముసల్ది మస్తు మాట్లాడ్తున్నది. చంద్రుని మీద పసుపు ఉడకవెట్ట నీళ్లేడియి? ముగింపు సప్పగున్నది. ఏం కథనో ఏమో!" అంటూ కాగితాలను నలగకుండా మడిచి, అంగీ లోపలి జేబులో పెట్టుకుని, గుండీ వేసుకుని మరీ వెళ్లిపోయాడు.

సేటు ముఖం కందిపోయింది. "సూసినవా బిడ్డా, ఎన్ని మాటలన్నడో! సప్పగున్నదట! వానికి కండ్లున్నయా?"

దీక్షిత పొట్ట పట్టుకుని నవ్వింది. "కాకా, గాయన కథ తీస్కపోయిండు. జేబుల వెట్టుకొని గుండీ గూడ ఏసుకున్నడు."

"తీస్కపోతె పోనీ! అయినా గంత మాటంటడా?"

ఎంత చెప్పినా ఆయన వినలేదు. సాయంత్రం దాకా కనిపించినవాళ్లందరికీ ఎంకటి మీద ఫిర్యాదు చేస్తూనే ఉన్నాడు.