ముందు సీటు కింద వాసన

నా చిన్నప్పుడు మా చెల్లిని చూస్తే ఒళ్లు మండిపోయేది. ముఖ్యంగా అది మా మావ జీపులో ముందు సీటు మీద కాళ్లూపుకుంటూ కూర్చున్నప్పుడు. మా అమ్మకు తమ్ముడైన ఆ మావ డుంబ్రిగుడ సంత నుంచి పాడేరుకు పాత పెట్రోలు జీపు నడిపేవాడు. ఎప్పుడు ఎక్కినా ఆయన పక్కన చోటు చెల్లిదే. నేను వెనకాల, అల్లం బస్తాల మధ్య, ఒళ్లో ఖాళీ డబ్బా పెట్టుకుని. నాకు వాంతులు మరి. మొదటి మలుపు దాటేసరికి కడుపులో తిప్పడం మొదలయ్యేది. అది మాత్రం మహారాణిలా ముందుకు చూస్తూ, కిక్కురుమనకుండా కూర్చునేది. అందరూ దాన్ని గట్టి గుంట, గట్టి పిల్ల అనేవారు. నన్ను ఏమనేవారో చెప్పను.

ఆ ఏడాది క్రిస్మస్‌కు పాడేరు చర్చిలో మా ఊరి పిల్లలు పాడాలని పిలుపు వచ్చింది. పాట మధ్యలో ఒక చరణం ఒక్కరే పాడాలి. ఆ చరణం నాది. పసుపు పూల వలిసె చేల గట్ల మీద తిరుగుతూ గొంతు నొప్పి పుట్టేదాకా నేర్చుకున్నాను. తీరా ప్రయాణం దగ్గర పడ్డాక, పాట నేర్పే టీచరమ్మ మా అమ్మతో, దారి పొడవునా కక్కుకున్న పిల్ల అక్కడికెళ్లి ఏం పాడుతుంది, చిన్నదానికి నేర్పిద్దాం అంది. ముందు సీటు ఎలాగూ దానిదే, ఇప్పుడు పాట కూడా దానికేనా! అన్నం ముట్టకుండా పెరట్లో కూర్చున్నాను. లోపల అది నా చరణం పాడుతోంది. నాకన్నా బాగా పాడుతోంది కూడా. అది ఇంకా కష్టంగా ఉంది.

మావ వచ్చి ఎందుకేడుస్తున్నావని అడిగితే, నీ జీపు కంపు వల్లే అన్నాను. ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా, పెట్రోలు బండి పెట్రోలు వాసన రాక మల్లెపూల వాసన వస్తుందా అని అందరూ నవ్వేవారు. మావ ఈసారి నవ్వలేదు. ఏళ్ల తరబడి ఆ బండిలోనే ఉండి తన ముక్కు మొద్దుబారి ఉంటుందని, చలికి టార్పాలిన్ తెరలు దించేస్తే వాసన బయటికి పోయే దారే ఉండదని ఆయనకు అప్పుడు తట్టింది.

"ఈ గుంటకి రోగం కాదే అక్కా, ముక్కు బాగా పనిసేత్తంది," అన్నాడు మా అమ్మతో. ఆ మాట చెల్లి విందో లేదోనని నేను తలుపు వైపు చూశాను.

పెట్రోలు దగ్గర నిప్పు ఉండకూడదని మావ మొదట మా అమ్మ చేత పొయ్యి ఆర్పించాడు, తాతయ్య చుట్ట లాక్కున్నాడు. జీపును ఎండలో పెట్టి, ట్యాంకు మూత బిగించి, తెరలు దించి, ఎక్కడ ఎక్కువ వాసన వస్తోందో చూడమని నన్ను లోపలికి పంపాడు. వెనక బస్తాల చోట కొంచెమే ఉంది. ముందుకు పోయేకొద్దీ ఘాటు పెరిగింది. ముందు సీటు దగ్గర ముక్కు పెట్టేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాంకు ఉండేది దాని కిందే.

సీటు ఊడదీసి, మా అమ్మ చేత కుంకుడు నురగ తీయించి, ట్యాంకు చుట్టూ గొట్టాల మీద ఆ నురగ పూశాడు. ఎండకు ట్యాంకు వేడెక్కి లోపలి ఆవిరి తోసుకొస్తుందని, ఎక్కడ సందుంటే అక్కడ బుడగ లేస్తుందని చెప్పాడు. అందరం వంగి చూస్తున్నాం. పెట్రోలు పోసే గొట్టం ట్యాంకుతో కలిసే చోట, రబ్బరు పైపు అంచున ఒక బుడగ ఉబ్బి పగిలింది. వెంటనే ఇంకొకటి. నురగ తుడిచి చూస్తే అక్కడ పసుపుపచ్చగా ఏదో జిగురు.

మావ తల కొట్టుకున్నాడు. మా కొండల్లో నీళ్లు పట్టే ఆనపకాయ బుర్రకు చిల్లు పడినా, కుండ బీటవారినా తేనెమైనం పూయడమే అలవాటు. పైపు పగిలినప్పుడు ఆయనా అదే పూసి ఊరుకున్నాడట. నీళ్లకు నిలిచే మైనం పెట్రోలుకు నిలవలేదు, కరిగి జారిపోయింది. పగిలిన కొస వరకు కత్తితో కోసేసి, మిగిలిన పైపును లాగి ఎక్కించి, కొత్త క్లిప్పు బిగించాడు. మళ్లీ నురగ పూసి చాలాసేపు చూశాం. బుడగ రాలేదు.

కనిపెట్టింది నేనే కదా, గొప్పగా చెల్లి వైపు తిరిగాను. అది మొహం వేలాడేసుకుని నిలబడి ఉంది. మావ కూడా దాన్నే చూస్తున్నాడు.

"ఏటే, నీకు వాసన రాలేదేటి? సరిగ్గా దాని మీదే కూకున్నావు కదే?"

అది భోరుమంది. "వచ్చీది మావా. ఎక్కినప్పుడల్లా కడుపులో తిప్పీది. సెప్తే అక్కలాగ నన్నూ ఎనక్కి పంపేత్తావు కదా! అందుకే నోరు మూసుకుని మింగీదాన్ని."

నేను అంతగా కుళ్లుకున్న ఆ మహారాణి, మలుపు మలుపుకూ పళ్లు బిగబట్టుకుని కూర్చున్న చిన్నపిల్ల. నాకు వెంటనే జాలి వేసిందని చెబితే బాగుంటుంది. కానీ ముందు వచ్చింది మళ్లీ అసూయే. అంత ఓర్పు దానికెలా వచ్చింది, నాకెందుకు రాలేదని. జాలి ఆ తర్వాత వచ్చింది.

పాడేరు వెళ్లే రోజు మావ మా ఇద్దరినీ తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తెరలు దించే ఉన్నా నాకు వాంతి రాలేదు. అది చూసి టీచరమ్మ చరణం నాకే తిరిగి ఇచ్చింది, నేనే పాడాను. వెళ్లేటప్పుడు దారంతా చెల్లి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. జీపులో అది నిద్రపోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడది విశాఖలో ఉంటుంది. దాని ఇల్లు, దాని మనవలు, ఈ వయసులోనూ నొప్పి ఎరగని దాని మోకాళ్లు, అన్నీ చూసి నేను ఇంకా కుళ్లుకుంటూనే ఉంటాను. ఆ కుళ్లు నాతోనే పోయే గుణం. కానీ ఫోనులో అది "బాగానే ఉన్నానక్కా" అంటే మాత్రం అక్కడితో వదలను. "నిజం సెప్పవే," అని ఇంకోసారి అడుగుతాను. ఒక్కోసారి అవతల మాట ఆగిపోతుంది. అప్పుడు నేను ఫోను పెట్టేయకుండా, అది నోరు విప్పేదాకా ఆగుతాను.