వీరన్న రాయి దగ్గర ఆగాం

నిన్న పొద్దున టిఫిన్ బాక్స్ సర్దుకుంటుంటే నడికుడి నుంచి మామయ్య ఫోన్.

"అమ్మ పోయిందే" అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

నిజంగానే అడిగాను. ఆ మాట బుర్రకెక్కడానికి అంత టైం పట్టింది.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నా కొత్త హెయిర్‌కట్ చూసి "ఆ పీచేందే" అని తిట్టిన మనిషి. తొంభై దగ్గరపడినా మా అమ్మమ్మ కోటేశ్వరమ్మ పోతుందని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

ఆమె గోంగూర పచ్చడి ఈ గ్రూప్‌లో సగం మంది తిన్నారు. ఆమె కుక్క సంగతి మాత్రం మీకు తెలియదు.

అప్పటికి అమ్మమ్మ చిన్నపిల్ల. పంతొమ్మిది వందల నలభైల్లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా ముత్తాత, అంటే వాళ్ళ నాన్న, రైల్వేలో గ్యాంగ్‌మన్.

మిలిటరీ వాళ్ళు చదివి పారేసిన పుస్తకాలు గుంటూరులో చిత్తుకాగితాల కింద అమ్మేవాళ్ళంట. అలా ఒక రంగుల కాగితం శెనగల పొట్లమై ఆమె చేతికొచ్చింది.

ఇప్పుడైతే దాన్ని సూపర్ హీరో కామిక్ అంటాం. ముత్తాతకి ఇంగ్లీషు రాదు. అటూ ఇటూ తిప్పి, ఇది యుద్ధం వార్త అని తేల్చేశాడు. మంటలున్నాయి, ఉరుకుతున్న జనం ఉన్నారు, ఇంకేం కావాలి.

కాగితానికి ఒకవైపు, మెడకి దుప్పటి కట్టుకున్న ఒక మనిషిని మంటల్లో స్తంభానికి కట్టేశారు. చెవి వంగిన కుక్క ఒకటి కిటికీలోంచి లోపలికి దూకి ఆ తాడు కొరుకుతోంది.

రెండోవైపు, ఆ మనిషి బయటికొచ్చేశాడు. జనం అతన్ని భుజాల మీదికెత్తుకున్నారు. వెనక ఇంటికప్పు కూలుతోంది. పొగలో రెండు చెవులు. ఒకటి వంగి ఉంది.

కాగితం అక్కడితో అయిపోయింది.

"కుక్కేమయింది నాన్నా?"

"వచ్చేసుంటదిలే. తిను."

"నువ్వు చూశావా?"

ఆ పిల్ల తినలేదు. "అంతమంది ఉన్నారు, దాని సంగతి ఒక్కడూ అడగడేంది?" అని ఏడుపు.

మా పల్నాడులో పోరాటంలో ప్రాణం పోయినవాళ్ళకి రాయి నిలబెట్టేవాళ్ళు. వార్త అని తనే చెప్పాక, కుక్కకీ రాయి పెట్టమని పిల్ల పట్టుబడితే ముత్తాతకి ఇక తప్పలేదు. ఒక నాపరాయి తెచ్చి, ఊరి బయట డొంకలో పాతి, సున్నంతో కుక్క బొమ్మ వేశాడు. అది మేకలా వచ్చిందని అమ్మమ్మ ఆయన్ని చివరిదాకా దెప్పుతూనే ఉంది.

పేరు మాత్రం ఆమే పెట్టింది. వీరన్న.

సముద్రాల అవతల ఎవరో గీసిన కుక్కకి మా ఊళ్ళో పసుపు కుంకుమ. ఎవరింట్లో గేదె ఈనినా మొదటి జున్నుముక్క ఆ రాయి దగ్గరికే పోయేది. ఇప్పటికీ పోతుంది.

నా చిన్నప్పుడు సెలవుల్లో మధ్యాహ్నం పూట, చల్లటి నాపరాళ్ళ మీద ఆమె పక్కన పడుకుంటే ఈ కథే. ఆమె చెప్తుంటే నాకు కళ్ళు మూతలు పడేవి. సగం నిద్రలో పొగ వచ్చేది. పొగలోంచి మాచర్ల రైలు వచ్చేది. రైలు పక్కన ఏదో పరిగెత్తేది. లేచేసరికి నా మీద ఆమె కొంగు ఉండేది.

ఇంట్లో అందరం ఆమెకి తలా ఒక ముగింపు చెప్పి చూశాం. పక్కింటాయన కాపాడాడని అమ్మ. వాన పడి మంట ఆరిందని మామయ్య. అందరికీ ఒకటే జవాబు. "నువ్వు చూశావా?"

కాగితం ఎప్పుడో చెదలు తినేశాయి. చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చాక నేను పాత కామిక్స్ సెర్చ్ చేసి ఆమెకి చూపించాను. ఎన్ని కుక్కలో.

"ఇది కాదే. మనోడికి చెవి వంగుద్ది."

"అమ్మమ్మా, అది ఎవరో కూర్చుని గీసిన కథ. హీరో పక్కన ఉండే సైడ్‌కిక్ అంటారు దాన్ని."

"గీసినోడికి తెలిసుంటదిగా మరి. వాణ్ణి అడుగు."



ఆ కుక్క ఆమెకి ఒక అలవాటు నేర్పిపోయింది. పెళ్ళికి వెళ్ళినా సన్మానానికి వెళ్ళినా స్టేజి వైపు చూసేది కాదు. నేరుగా వెనక్కెళ్ళి "వంట చేసినోళ్ళు తిన్నారా?" అని అడిగేది. నా పెళ్ళి ఫొటోల్లో ఆమె ఒక్కదాంట్లోనూ లేదు. ఆ టైంలో వెనక గిన్నెలు తోమే ఆవిడ పక్కన కూర్చుని ఆవిడకి వడ్డిస్తోంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు, ఆమె అలా వడ్డిస్తున్న ఫొటో ఒక్కటైనా ఉంటే బాగుండుననిపిస్తోంది.

ఈ మధ్య ఎక్కువగా నిద్రలోనే ఉండేది. కళ్ళు తెరవకుండానే "రైలాగిందా? వాడు అలిసిపోయాడే" అనేది. ఎవరని మేం అడగలేదు. వీరన్నేనని మాకు తెలుసుగా.

నిన్న సాయంత్రం ఆమెని తీసుకెళ్ళాం. మా ఊళ్ళో దింపుడు కళ్ళం ఆ రాయి దగ్గరే. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉందేమోనని పాడె దించి చెవిలో పిలిచే చోటు. అక్కడిదాకా ఆడవాళ్ళమూ నడిచాం.

మామయ్య వంగి "అమ్మా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు.

మూడోసారి పిలవలేదు. చెవి దగ్గర నోరు పెట్టి, పక్కనున్న నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అన్నాడు.

"అమ్మా, కుక్క బయటికొచ్చిందే. నేను చూశా."

ఆయన చూడలేదు. ఎవరం చూడలేదు.

అయినా జవాబు కోసం నేను ఆగాను. మామయ్యా ఆగాడు. "నువ్వు చూశావా?" అన్న ఆ ప్రశ్న ఇక రాదని అక్కడ అర్థమైంది నాకు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

వెళ్ళిరా అమ్మమ్మా. ఇప్పుడు నువ్వే చూసుకో, వాడి చెవి వంగే ఉందో లేదో. ఇక దిగులు లేకుండా నిద్రపో. రాయి దగ్గర జున్నుముక్క మేం పెడతాం.