అనౌన్స్‌మెంటు లేని పాట

మొన్న శింగనమల బస్సు కోసం బస్టాండులో నిలబడి ఉన్నాను. ఈ మధ్య అక్కడ బస్సుల వివరాలన్నీ రికార్డు చేసిన ఒక ఆడగొంతు చెబుతోంది. తియ్యగా, ఒకే తీరున, ఏ ఊరి మీదా ప్రత్యేకమైన అభిమానం లేకుండా చెబుతుంది. కుందుర్పిని 'కుందూర్‌పీ' అని సాగదీస్తుంది. ఆ రోజు ఆ గొంతు మధ్యలో ఆగిపోయింది. స్పీకర్లో గరగరమని చప్పుడైంది. తర్వాత ఎవరో మైకును వేలితో టకటకా కొట్టి, ఫూ అని ఊదారు. నేను ఉలిక్కిపడి కంట్రోలర్ గది వైపు తిరిగాను. అద్దం వెనక ఎవరో కొత్త ఉద్యోగి. నా వరకు ఆ బస్టాండు మైకులో అలా ఊదే హక్కు ఒక్క మనిషికే ఉండేది. ఆయన మా పక్కింటి మస్తాన్ మామ.

మస్తాన్ మామ ఉద్యోగమంతా ఆ గదిలోనే గడిచింది. ఆయనకు రెండు తెలుగులు వచ్చు. ఒకటి మైకు తెలుగు. అందులో బస్సులు 'బయలుదేరుటకు సిద్ధముగా' ఉండేవి. రెండోది ఇంటి తెలుగు. అందులో బస్సులు 'ఇంగా పండుకోనుండాయి'. గొంతు మాత్రం రెంటికీ ఒక్కటే. మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినిపించేది. పొద్దున్నే "నేను స్నానానికి పోతాండా" అని ఇంట్లో చెబితే, చుట్టుపక్కల వాళ్లం కూడా తెలుసుకునేవాళ్లం. ఆయన భార్య మాబున్నత్త దీనికి పూర్తిగా విరుద్ధం. చీరలకు ఫాల్స్ కుట్టేది. కుట్టు మిషను చప్పుడే ఆవిడ మాట. నేనూ దాదాపు ఆవిడ కోవలోనిదాన్నే. పని చేస్తాను, చేశానని చెప్పను. పని కాకపోతే అసలే చెప్పను.

రిటైరయ్యాక ఆయనకు ఇల్లు తోచలేదు. "ఇంత సద్దు లేకుండా ఉంటే మనిషి బతికినట్టు ఎట్లా తెలుస్తాదమ్మా?" అని నాతో అనేవాడు. ఒకరోజు షామియానా వాళ్ల దగ్గర పాత ఆంప్లిఫయరూ, రెండు గొట్టం స్పీకర్లూ పట్టుకొచ్చాడు. ఒకటి హాల్లో, ఇంకొకటి వంటింటికి గురిపెట్టి బిగించాడు. ఆయనకు పౌరాణిక నాటక పద్యాలంటే ప్రాణం. తెల్లవారుతూనే రాగాలు మొదలయ్యేవి. ఒక్కో రాగం ముగిసేలోపు మా ఇంట్లో పాలు కాగి, చల్లారి, తోడుకు కూడా సిద్ధమయ్యేవి. వారం తిరగకముందే మాబున్నత్త సంచి సర్దుకుంది. కుందుర్పిలో చెల్లెలింటికి బయలుదేరుతూ మా గేటు దగ్గర ఆగింది.

"సునీతా, మీ మామకు చెప్పు. ఆ గొట్టాలుంటే నేనుండను. నేనుండల్లంటే అవి ఉండకూడదు."

అంత పెద్ద మాట ఆవిడ నోట నేను వినడం అదే మొదటిసారి. ఆ సంగతి చెబితే మామ అరుగు మీద కూలబడ్డాడు. "నేను డ్యూటీలో ఉండింటే ఆ కుందుర్పి బస్సును కదలనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు.

నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, ఒక రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర పనిచేస్తున్నాను. కాలేజీ ప్రాజెక్టుకు కొన్న అరచేయంత కంప్యూటరు బోర్డు ఒకటి అట్టపెట్టెలో పడి ఉంది. దాన్ని ఇంట్లో వైఫైకి కలిపితే, పెన్‌డ్రైవులోని పాటలన్నీ చిన్న స్పీకర్లలో పాడించవచ్చనీ, ఎవరి ఫోన్లోంచి వాళ్లు సౌండు తగ్గించుకోవచ్చనీ చెప్పాను.

"మీ అత్త ఫోన్లోంచి కూడా తగ్గించుకోవచ్చునా?"

"అవును మామా."

"పూర్తిగా నోరు మూపిచ్చొచ్చునా?"

"మూయించవచ్చు."

"అయితే మీ అత్తకు అదే కావల్ల" అని, గొట్టాలను ఆ రోజే షామియానా వాళ్లకు తిప్పి పంపేశాడు.

ఆదివారం పొద్దున బోర్డుతో వాళ్లింటికి వెళ్లాను. మెమరీ కార్డులో పాటలు పాడించే సాఫ్ట్‌వేరు ముందే ఎక్కించి పెట్టుకున్నాను. కార్డు దోపి, స్పీకర్ల తీగ తగిలించి, ఫోను చార్జరుతో కరెంటు ఇచ్చాను. దానికి తెర లేదు, బటన్లు లేవు. ఒక ఎర్ర లైటు వెలిగింది. పక్కన పచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది. మామ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"ఏం చేస్తాందమ్మా ఇది?"

"లేస్తాంది మామా."

"ఎంతసేపట్లో లేస్తాది?"

"తెలీదు మామా. మొదటిసారి కదా."

"నీకు తెలీదు సరే. దానికన్నా తెలుసునా? తెలిస్తే చెప్పొద్దా? ఆలస్యమయితే ఎవరూ ఏమీ అనుకోరమ్మా. చెప్పకుంటేనే మండుతాది" అన్నాడు. ఆ బోర్డు చెప్పదు కాబట్టి ఆ పని తానే నెత్తిన వేసుకుని కుందుర్పికి ఫోను కలిపాడు. "మాబున్నీ, ఎర్ర లైటు వచ్చినాది. పచ్చ లైటు కొట్టుకుంటాంది. పాట ఇంగా రాలేదు. వస్తానే మల్ల చేస్తా." అవతల అత్త వెంటనే ఫోను పెట్టేసింది.

కాసేపటికి బోర్డు నా ఫోన్లో కనిపించింది. ఒక పద్యం మీద వేలు పెట్టాను. పాట నడుస్తున్నట్టు ఫోన్లో గీత కదులుతోంది గానీ స్పీకర్లలో చప్పుడు లేదు. "బయల్దేరిందంటాంది, ఈడికి రాలేదు. దోవలో యాడ నిలిచిపాయె?" అని మామ తీగ వెంబడి చూపుతో వెతుకుతున్నాడు. అంతలో పై పోర్షన్‌లోంచి కేక వినిపించింది. అక్కడ పచారీ అంగడి శెట్టి గారి కుటుంబం అద్దెకుండేది. వాళ్ల అవ్వ మెట్లు దిగి వచ్చింది.

"ఏమప్పా మస్తానూ! సీరియల్లో కోడలు అత్తకు జవాబు చెప్పబోతాండె. అంతలోకి ఆయమ్మ మాయమైపాయె. ఎవడో పద్యం ఎత్తుకున్నాడు!"

నాకు అప్పుడు అర్థమైంది. ఫోన్లో పాట ఎక్కడ పాడాలో ఎంచుకునే చోట నేను చూసుకోకుండా వాళ్ల టీవీ మీద నొక్కాను. వాళ్ల టీవీ మామ వైఫైకి కలిసి ఉంటే తప్ప నా ఫోన్లో కనిపించదు. ఆ మాట నెమ్మదిగా మామ చెవిన వేశాను. మామ అవ్వ వైపు చూశాడు. అవ్వ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

"మా వాళ్లేదో కలిపినారప్పా. గాల్లో వచ్చేదే కదా" అంది.

"వాడుకుంటే వాడుకోండవ్వా. చెప్పి వాడుకోవల్ల కదా?"

"సరే, ఇప్పుడు చెప్తాండా. వాడుకుంటాండాం."

మామకు అది చాలు. ముఖంలో కోపం పూర్తిగా పోయింది. నేను పాటను బోర్డుకు మళ్లించాను. చిన్న స్పీకర్లలోంచి రాగం మెల్లగా వచ్చింది. మెట్లెక్కబోయిన అవ్వ ఆగి, ఆ పద్యం అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడి విని వెళ్లింది.

ఇది నికరంగా నడుస్తుందని తేలాకే అత్తను రమ్మంటానన్నాడు మామ. తర్వాత కొన్నాళ్లు అంతా బాగానే నడిచింది. ఒకరోజు నేను ల్యాబులో ఉండగా మామ టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. ఆ రోజు మా ల్యాబు పరిస్థితి బాగాలేదు. రక్తం పరీక్షించే పెద్ద మిషను ఆగిపోయింది. రిపోర్టుల కోసం వచ్చిన జనం బెంచీలు నిండి వాకిలిదాకా నిలబడ్డారు. బత్తలపల్లె నుంచి వచ్చిన ఒకాయన కౌంటరు చెక్కను గుద్దుతున్నాడు. నేను అలవాటు ప్రకారం కిటికీ అద్దం మూసేసి, తల వంచుకుని, కంప్యూటర్లో ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను. ఈ గొడవలో మా అటెండరు మామ చేతిలోని డబ్బా చూసి, "శాంపిలు ఆ పక్క ట్రేలో పెట్టు" అన్నాడు.

"శాంపిలు కాదప్పా. పాటల మిషను. సచ్చిపోయినట్టుండాది" అంటూ మామ నా కిటికీ దగ్గరికి వచ్చి అద్దం మీద తట్టాడు. డబ్బా మూత తీసి చూపించాడు. లోపల మెత్తటి గుడ్డలో చుట్టిన బోర్డు.

"రాత్రి ఎలా ఆపినారు మామా?"

"ఎట్లేముంది, ప్లగ్గు పీకినా."

"అట్లా పీకకూడదు. ఆపుతాండామని ముందు ఫోన్లోంచి దానికి చెప్పల్ల. చెప్పకుండా పీకితే కార్డు చెడిపోతుంది."

మామ ముఖం వాడిపోయింది. "నేను... చెప్పకుండా ఆపేసినానా?" అన్నాడు. బోర్డును చూసి ఏదో గొణిగాడు. క్షమాపణ లాగే వినిపించింది. తర్వాత తలెత్తి వెనక ఉన్న జనాన్ని చూశాడు.

"వీళ్లంతా ఎందుకమ్మా ఇట్లా రేగిపోయిండారు?"

"మిషను ఆగిపోయింది. రిపోర్టులు సాయంత్రానికి గానీ రావు."

"ఆ మాట వాళ్లకు చెప్పినావా?"

"చెబితే కొడతారు మామా."

"ఇప్పుడేమన్నా ముద్దు పెట్టుకుంటాండారా?"

నేను జవాబు చెప్పేలోపే ఆయన జనం వైపు తిరిగాడు. పిడికిలి నోటికి దగ్గరగా పెట్టుకుని ఫూ అని ఊదాడు. హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఈనాటి రక్తపరీక్ష రిపోర్టులు సాంకేతిక కారణముల వలన ఆలస్యముగా నడుచుచున్నవి. సాయంత్రమునకు గాని రావు. అసౌకర్యమునకు చింతిస్తున్నాము."

కౌంటరు గుద్దుతున్న బత్తలపల్లె ఆయన చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. "ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తాయి మామా?" అన్నాడు. జనమంతా నవ్వారు. నిజానికి ఆ కబురులో సంతోషించాల్సింది ఏమీ లేదు. అయినా సగం మంది ఎవరి పనుల మీద వాళ్లు వెళ్లిపోయారు. నేను అద్దం తెరిచాను. ఆ తర్వాత దాన్ని మళ్లీ మూసిన గుర్తు లేదు.

కార్డులో సాఫ్ట్‌వేరు మళ్లీ ఎక్కించి బోర్డును లేపాక, మామ కుందుర్పికి ఫోను చేసి అన్నీ సిద్ధమని చెప్పాడు. మరుసటి రోజు మాబున్నత్త సంచితో దిగింది. ఇంట్లోకి రాగానే గోడలన్నీ తేరిపార చూసి, గొట్టాలు లేవని ఖాయం చేసుకున్నాకే చెప్పులు విడిచింది. ఆవిడ ఫోన్లోంచి సౌండు ఎలా తగ్గించాలో నేర్పాను. మొదట పూర్తిగా తగ్గించింది. చప్పుడు నిజంగానే ఆగిందని చూసుకుని, మళ్లీ కొద్దిగా పెంచింది. ఆవిడకు ఇష్టమైన ఖవ్వాలీ పెట్టాను. వంటింట్లో కూర్చుని వింటూ చీరకు ఫాల్ కుట్టసాగింది. పాట మారింది, ఇంకో పాట మారింది. ఆవిడ కనుబొమలు మాత్రం ముడిపడుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ మామ అది గమనించాడు.

"ఏమే, సౌండు ఎక్కువైందా?"

"సౌండుకేమీ లేదు" అంది అత్త. "ఒకటి అయిపోతాది, ఇంగోటి మొదలైతాది. ఏం వస్తాదో చెప్పేవాళ్లు లేరు. కుందుర్పిలోనూ ఇదే కత. ఎవురూ ఏమీ చెప్పరు. మా చెల్లెలు స్నానానికి పోయిందో సంతకు పోయిందో తెలీక ఇల్లంతా ఎతుకుతాంటి."

మామ అయోమయంగా చూశాడు. "గొట్టం వద్దంటివి కదనే?"

"గొట్టం వద్దంటి. నిన్ను వద్దంటినా?"

ఆ మాటకు మామ ముఖం ఎలా మారిందో చెప్పడం నాకు చేతకాదు. ఆ సాయంత్రమే నన్ను కూర్చోబెట్టి, ప్రతి పాటకూ ముందు వినిపించడానికి అనౌన్స్‌మెంట్లు రికార్డు చేయించాడు. ప్రతిసారీ నా ఫోన్లో గట్టిగా ఊదేవాడు. ఊదనక్కర్లేదు మామా అంటే, "ఊదకుంటే నాకు మాట రాదమ్మా" అన్నాడు. 'వంటగది వైపు వెళ్లు ఖవ్వాలీ మరికొద్ది క్షణములలో బయలుదేరును' అన్నది వినిపించినప్పుడల్లా అత్త సూది ఆపి, "సరే, రానీ" అనేది.

రెండేళ్ల కిందట మామకు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో లోపలికి తీసుకెళ్లి తలుపులు మూశారు. బయట బెంచీ మీద మాబున్నత్త, పక్కన నేను. తెల్లకోట్లు వస్తున్నాయి, పోతున్నాయి. మా వైపు ఎవరూ చూడడం లేదు. అత్త ప్రతి తెల్లకోటు వెంటా తల తిప్పి చూస్తోంది. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లి నర్సును అడిగాను. ఆమెకూ ఏమీ తెలియదు. వెనక్కి వచ్చి, "ఇంకా ఏమీ తెలీలేదంట అత్తా. డాక్టర్లు లోపలే ఉండారు. కాసేపాగి మళ్లీ పోయి అడుగుతా" అని చెప్పాను. ఆవిడ తల ఊపింది. అలా ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. మధ్యాహ్నం చెప్పాల్సి వచ్చిన ఆఖరి మాట కూడా నేనే చెప్పాను. ఇంకెవరి నోటనో విననివ్వలేదు. అత్త ఇప్పుడు కుందుర్పిలో చెల్లెలి దగ్గర ఉంటోంది. బోర్డును వెంట తీసుకెళ్లింది. సౌండు ఎంత పెట్టుకుంటుందో నేను అడగలేదు.

ల్యాబులో మిషన్లు ఇప్పటికీ ఆగిపోతుంటాయి. నేను కౌంటరు దాటి హాల్లోకి వెళతాను. నా గొంతు చిన్నది, ఊదడం కూడా రాదు. అందుకే బెంచీ బెంచీకీ వెళ్లి చెబుతాను. పోయిన వారం శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, భార్య పక్కన బిగుసుకుని కూర్చుని ఉన్నాడు.

"మీ రిపోర్టు ఇంకా రాలేదు పెద్దాయనా. ఇంకో గంట పట్టేట్టుంది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రాలేదని చెప్పేకి ఈడిదాకా వచ్చినావా తల్లీ?"

"అవును."

"అయితే సరే" అని ఆయన భుజం మీది తువ్వాలు దులుపుకుని లేచాడు. "పా ఇంగ, టీ అన్నా తాగొస్తాం" అని భార్యకు చెయ్యి అందించాడు.