నాలుగేళ్ళ దీపం

మా నాగాయలంకలో దుర్గాదేవి పిన్నితో వాదించి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇకముందు పుడతాడన్న ఆశ నాకు లేదు. సెంటర్లో ఫ్లెక్సీల కొట్టు నాది. పెళ్ళిళ్ళకీ, పుట్టినరోజులకీ, నాయకుల రాకలకీ, చివరికి పెద్దకర్మలకీ కూడా ఫ్లెక్సీలు వేసిచ్చేవాణ్ణి కాబట్టి మొండిఘటాలను చాలామందిని చూశాను. వాళ్ళంతా పిన్ని ముందు బలాదూర్.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. ఎదురింటావిడ. నా చిన్నప్పటినుంచి మా ఇంటికి పాలు పోస్తోంది, అలా పిన్ని అయింది. అరవై దాటాయి. రెండు గేదెలు, ఒక తాటిదోనె, అంతకు నాలుగింతల నోరు ఆవిడ ఆస్తి. భర్త శోభనాద్రి బాబాయి ఉన్నన్నాళ్ళూ దోనె ఆయనే వేసేవాడు. ఆయన పోయాక తెడ్డు ఆవిడ చేతికొచ్చింది. ఇప్పటికీ తెల్లవారుతూనే ఏరు దాటి లంకలోకి వెళ్ళి, గేదెలకు గడ్డి కోసుకుని, ఎండ ముదరకముందే తిరిగొస్తుంది. మోకాళ్ళ నొప్పులు కదా, మానేయరాదా అంటే, మోకాళ్ళు నావి, నీకెందుకురా నొప్పి అంటుంది.

కూతురూ అల్లుడూ గుడివాడలో లారీ షెడ్డు నడుపుకుంటున్నారు. మనవరాలు ఇంద్రజ మాత్రం అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఆరేళ్ళ వయసులో దోనె ముందు కూర్చుని అరచేతులతో నీళ్ళు తోసేది. తర్వాత ఏకంగా తెడ్డే లాక్కుంది. ఊళ్ళో పడవ పందాలు నేర్పడం మొదలయ్యాక కోచ్ గారు ఈ పిల్లను చూసి, దీనికి కొత్తగా నేర్పేది తక్కువ, అలవాట్లు మాన్పించేది ఎక్కువ అన్నారట. ఒంటి మోకాలి మీద నిలబడి ఒకే పక్క తెడ్డు వేసే పడవ దానిది. ఆ తిప్పలు చూసి పిన్ని, కుదురుగా కూర్చోడానికి చోటు లేని పడవ ఎందుకే అని ఎగతాళి చేసేది. ఎగతాళి చేస్తూనే పొద్దున్నే పిల్లకు గ్లాసుడు పాలు పక్కన పెట్టి, మిగిలినవే మా ఇంటికి తెచ్చేది. చిక్కదనంలో తేడా నాకు తెలిసేది, అడిగే ధైర్యం మాత్రం లేదు.

అలాంటి పిల్ల ఈ ఏడాది ఏకంగా అంతర్జాతీయ క్రీడోత్సవాలకు ఎంపికైంది. నాలుగేళ్ళకోసారి జరిగే పోటీలు. తూర్పు దేశంలో ఏదో నగరం, ఆ పేరు నాకు నోరు తిరగదు, ఫ్లెక్సీ మీద కూడా రెండుసార్లు తప్పు కొట్టాను. ఊరంతా పండగ చేసుకుంది. తీరా ఫైనల్లో తొమ్మిది పడవలుంటే మన పిల్ల తొమ్మిదోది అయింది.

ఆ సాయంత్రం వీడియో కాల్ చేసింది. మా కొట్లో వైఫై బాగుంటుందని పిన్నిని అక్కడికే పిలిపించాను. ఇంద్రజ ముఖం వాచిపోయి ఉంది. ఇంత దూరం వచ్చి అందరి పరువూ తీశాననీ, ఇంక తన వల్ల కాదనీ, ఇంటికొచ్చి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాననీ, ఇంక పడవెక్కననీ చెప్పింది. పిన్ని అన్నీ విని, అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది. బయటికొచ్చాక నా వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత మళ్ళీ కాల్. ఈసారి పిల్ల గొంతులో కాస్త ప్రాణం ఉంది. ముగింపు వేడుకలో, అన్నాళ్ళూ వెలిగిన క్రీడాజ్యోతిని ఆర్పుతారట. ఈసారి ఆ పని ఒక్క పతకం కూడా రానివాళ్ళ చేత చేయించాలని అనుకున్నారట. చీటీలు తీస్తే అయిదుగురి పేర్లు వచ్చాయి, అందులో ఒకటి మన ఇంద్రజది. పెద్ద జ్యోతిలోంచి ఒక లాంతరులోకి నిప్పు తెస్తారు. అయిదుగురూ దాని చుట్టూ నిలబడి ఒకేసారి ఊదాలి. లోకమంతా టీవీలో చూస్తుంది.

"ఓడిపోయినా అంతమందిలో నిలబడతాను అమ్మమ్మా. అదొక్కటీ చేసేసి, దాంతో నాది కూడా ముగించేస్తా" అంది.

"దీపాన్ని నోటితో ఊదుతావా?" అంది పిన్ని.

"అందరితో పాటే."

"వద్దు."

అమ్మమ్మ కాదంటే తను చెయ్యనంది ఇంద్రజ. రేపు మధ్యాహ్నంలోగా వాళ్ళకు ఏ సంగతో చెప్పెయ్యాలంది. ఫోను పెట్టేసేముందు ఆ పిల్ల ముఖం చూసి నాకు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క గౌరవాన్నీ నోటి దగ్గర లాగేసుకుంటావా అని పిన్ని మీద ఎగిరాను. మొన్న మా అమ్మాయి బిందు పుట్టినరోజుకు కేకు మీద కొవ్వొత్తులు ఊదితే పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది ఈవిడే కదా, అదే అడిగాను. అవి తిండి మీద గుచ్చిన పుల్లలు, దీపాలు కావంది. పైగా తను చప్పట్లు కొట్టింది ఊదినందుకు కాదట, కేకు కోస్తున్నందుకట.

ఈలోగా వార్త ఊళ్ళోకి పాకింది. క్రీడాసంఘం పెద్ద గోవర్ధనరావు గారు పరుగున వచ్చి, ఇరవై అడుగుల ఫ్లెక్సీ కావాలన్నారు. 'ప్రపంచ జ్యోతిని ఆర్పబోతున్న మన ఊరి ఆడపడుచుకు శుభాకాంక్షలు' అని కాగితం మీద రాసుకొచ్చారు. అది సెంటర్లో కడితే ఊళ్ళో ఆడవాళ్ళు మన వీపు విమానం మోత మోగిస్తారండీ అన్నాను. ఆయనా ఒకసారి పైకి చదువుకుని, నిజమేనయ్యా, ఏంటో అశుభంగా ఉంది అని నాలుక కరుచుకున్నారు. అప్పుడుగానీ పిన్ని బాధ నా బుర్రకు కొంచెం ఎక్కలేదు.

అందులోనూ ఆవిడది ఉత్త చాదస్తం కాదు. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు పన్నెండేళ్ళ పిల్ల. నీళ్ళు తీసేసరికి ఆ ఇంట్లో ఆవిడా, వాళ్ళమ్మా మిగిలారు. తండ్రి లేడు, తమ్ముళ్ళు లేరు. ఎన్నో రోజులు ఆ చుట్టుపక్కల దీపమన్నది లేదు, పెట్టుకోడానికి ఇళ్ళే లేవు. తర్వాత ఎవరో పుణ్యాత్ములు తుఫాను ఇల్లు కట్టిచ్చాక, వాళ్ళమ్మ అందులో మొదటి దీపం పెట్టి, ఈ ఇంట్లో దీపాన్ని ఎవరూ నోటితో గానీ చేత్తో గానీ ఆర్పకూడదని చెప్పిందట. నూనె అయిపోయి దానంతట అదే కొండెక్కాలి. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అదే ఆచారం. ఎన్నాళ్ళుగానో తెలిసిన సంగతే, అయినా కోపంలో నాకు గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్న పాలు పోస్తూ గుమ్మంలోనే అడిగింది. "అది ఆర్పేశాక మళ్ళీ ఎప్పుడు వెలిగిస్తార్రా గిరీషూ?"

నాలుగేళ్ళకు, ఇంకో దేశంలో అన్నాను.

"ఈలోపు?"

"ఈలోపు ఏముంటుంది పిన్నీ, ఉండదు."

పాలచెంబు కింద పెట్టేసింది. నాలుగేళ్ళు చీకట్లో ఉంటారా అంది. అంతంత చదువులు చదివి, అంతంత స్టేడియాలు కట్టి, ఒక దీపం తీసెయ్యాలంటే ముందు ఇంకోటి వెలిగించుకోవాలని చెప్పే ఆడదిక్కే లేదా అక్కడ అంది. ఆ నిర్వాహకులు కనబడితే నిలబెట్టి కడిగేసేలా ఉంది. నాకు నవ్వొచ్చింది కానీ, నవ్వితే ఆ పూట పాలుండవని ఊరుకున్నాను. కాసేపు ఆలోచించుకుని, పిల్లకు ఫోన్ కలపమంది.

"ఊదు" అంది ఇంద్రజతో. "అయితే ముందు నేనిక్కడ వెలిగిస్తాను. వెలిగినట్టు గిరీషు నీకు ఫోటో పంపిస్తాడు. అది కళ్ళతో చూశాకే ఆ లాంతరు దగ్గరికెళ్ళు. చూడకుండా ఊదావో, నా గడప తొక్కద్దు."

ఓడిపోయాక మొదటిసారి ఆ పిల్ల నవ్వింది. అలాగే అమ్మమ్మా అంది.

ముగింపు వేడుక సమయానికి వాళ్ళకు రాత్రి, మనకు మధ్యాహ్నం. కొట్లో టీవీ ఊడబీకి పిన్ని వరండాలో పెట్టాను. వీధి వీధంతా చాపలేసుకుని కూర్చుంది. గోవర్ధనరావు గారికి కుర్చీ వేశాం. పిన్ని తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, దేవుడి గూటిలో ఇత్తడి కుంది నిండా నువ్వులనూనె పోసి, స్వయంగా చేసిన వత్తి వేసింది. ఆ రోజు సముద్రపు గాలి విపరీతంగా ఉంది. తలుపులన్నీ తెరిచి జనం కూర్చున్నారేమో, అగ్గిపుల్ల గీసినకొద్దీ ఆరిపోతోంది. అక్కడ టైమైపోతోందని నాకు కంగారు. మా కంప్యూటర్లో దీపాల బొమ్మలు బోలెడున్నాయి పిన్నీ, ఒకటి పంపేస్తాను, దానికేం తెలుస్తుంది అన్నాను. ఆవిడ చూసిన చూపుకు నోరు దానంతట అదే మూతపడింది. చివరికి నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చీర కొంగులు అడ్డుపెడితే వెలిగింది. ఫోటో తీసి పంపాను. కాసేపటికి టిక్కులు నీలంగా మారాయి.

"చూసిందా?"

"చూసింది పిన్నీ."

అప్పుడు వచ్చి టీవీ ముందు కూర్చుంది.

ఆటగాళ్ళంతా కలగాపులగంగా మైదానంలోకి వస్తున్నారు. మొదటిరోజు ఎవరి దేశం వాళ్ళు వరసగా నడిచారు కదా, ఇవాళ ఇలా కలిసిపోయారేంటని పిన్ని అడిగింది. ముగింపు రోజున అంతేనట, ఏ దేశమన్న తేడా ఉండదట అని చెప్పాను. భోజనాలయ్యాక మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ కలిసిపోయినట్టన్నమాట అంది. ఆ మాట ఆవిడకే నచ్చి, వచ్చినవాళ్ళందరికీ మళ్ళీ చెప్పింది.

పాటలయ్యాయి, ఉపన్యాసాలయ్యాయి. లాంతరు తెచ్చారు. చుట్టూ అయిదుగురు. వాళ్ళలో మన ఇంద్రజ. మిగతా నలుగురూ ఊదడానికి వంగారు. ఇది వంగలేదు. రెండు చేతులూ లాంతరు మంట మీదికి చాపి, హారతి తీసుకున్నట్టు కళ్ళకద్దుకుంది. పక్కనున్న పిల్లది ఏ దేశమో ఏమో, ఒక్క క్షణం చూసి తనూ అలాగే చేసింది. తర్వాత మిగతా ముగ్గురూ చేశారు. ఆ తర్వాతే అందరూ వంగి ఊదారు. స్టేడియం చీకటైంది.

పిన్ని భోరున ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోడానికి సిగ్గేముంది. మా ఆవిడ రాజకుమారి ఇప్పటికీ దాని మీద ఆటపట్టిస్తుంది.

ఆ తర్వాత వారానికి ఇంద్రజ వచ్చింది. గుడివాడలో అమ్మానాన్నల దగ్గర ఉండి, చల్లపల్లి మీదుగా బస్సులో దిగింది. గోవర్ధనరావు గారు దండ వేశారు. ఎవరు పలకరించినా తల వంచుకునే నవ్వుతోంది. తర్వాతి పోటీలెప్పుడమ్మా అని ఆయన అడిగితే, నా పని అయిపోయిందండీ, కంప్యూటర్ కోర్సులో చేరతాను అంది. బ్యాగు మోస్తూ నేను వెనకాలే ఇంటిదాకా వెళ్ళాను. పిన్ని గేదె పాలు పితుకుతోంది, లేవలేదు.

లోపలికెళ్ళిన పిల్ల దేవుడి గూటి దగ్గర ఆగిపోయింది. దీపం వెలుగుతోంది.

"ఇది ఆ రోజుదేనా అమ్మమ్మా?"

"అదే. నూనె పోస్తూనే ఉన్నాను."

"ఎన్నాళ్ళు పోస్తావు?"

"నాలుగేళ్ళటగా. వాళ్ళు మళ్ళీ వెలిగించేదాకా ఇది ఆరకూడదు. ఆర్పింది నువ్వు, నిలబెట్టేది నేను."

ఇంద్రజ గుమ్మానికి ఆనుకుంది. అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు ఫోన్లో పిన్ని వద్దన్నది లాంతరు గురించి ఎంతో, పిల్ల నాది కూడా ముగించేస్తానన్న మాట గురించి అంతకు రెండింతలు. అంత తెలివి నాకుంటే ఫ్లెక్సీలు ఎందుకేస్తాను.

"నాలుగేళ్ళ తర్వాత దీన్ని అక్కడికెవరు తీసుకెళ్తారు?" అంది ఇంద్రజ.

పిన్ని పాలగిన్నె చంకనెత్తుకుని లోపలికొచ్చి, మనవరాలి ముఖంలోకి తేరిపార చూసింది.

"నువ్వే తీసుకెళ్ళాలి. నాకు పాస్‌పోర్టు లేదు" అంది.

ఇంద్రజ పకపకా నవ్వి, ఆ నవ్వులోంచే వెక్కివెక్కి ఏడ్చింది. పిన్ని దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమనీ అనలేదు. గిన్నెలో పాలు గ్లాసులో పోసి దాని చేతికిచ్చింది. పిల్ల నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని, కోచ్ గారికి ఫోన్ చేసింది. రేపు పొద్దున్న ఎన్నింటికి రమ్మంటారు సార్ అని అడిగింది.