చెక్క విమానంలో నా తొలి ప్రయాణం

కొత్తగా దుబాయి వచ్చిన ఆ రోజుల్లో (బహ్రెయిన్‌ అయినా సరే, మా జగిత్యాల వైపు దుబాయే అంటారు) నాకు తెలియనిది ఏదీ లేదని గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం మీద జాలి, కాస్త అసూయ కూడా కలుగుతాయి. వడ్రంగి పనికి మూడు నెలల ట్రయల్ మీద వచ్చాను. నా పూచీ మా కాకాది, ఆయనే మా మేస్త్రీ. ట్రయల్ ముగియడానికి ఇంకో వారం ఉందనగా జరిగిందిది.

జల్లాఖ్ తీరాన రిసార్టు కట్టిన ఒక షేఖ్‌కు అలంకారానికి చెక్క విమానం బొమ్మ కావలసి వచ్చింది. రెండు ప్రపంచయుద్ధాల నడుమ, ఇంగ్లండు నుంచి ఇండియా పోయే విమానాలు ఇక్కడి సముద్రం మీదే దిగి, మళ్ళీ నీళ్ళ మీంచే లేచేవట. కింద పడవ, పైన రెక్కలు. చక్రాలు లేని విమానమేమిటని కాకా ముక్కు విరిచాడు గానీ, మామీర్‌లో ఉన్న మా షెడ్డులో ఫోటో చూసి అచ్చు అలాగే చేశాడు. చెమ్మ పట్టకుండా అడుగుకు తారు కూడా పూశాడు. ఒక పొద్దున దాన్ని ట్రైలర్ మీద తెచ్చి తీరాన దించాం. లోపల ఎవడైనా కాలు పెడితే ఇంటికి పోయే విమానం కూడా తనే ఎక్కిస్తానని చెప్పి, మా సూపర్‌వైజర్ (పదపదమన్నట్టు ప్రతి మాటకూ 'యల్లా' అంటాడని యల్లా భాయ్ అనేవాళ్ళం) షేఖ్‌ను తేవడానికి వెళ్ళాడు. ఎక్కడ నిలబెట్టాలో కాకాయే తేల్చాడు, నీళ్ళ అంచుకు నాలుగు బారల దూరంలో. అంతకు ముందు మేం చూసిన నీళ్ళన్నీ చెరువు నీళ్ళే. అవి వానకు పెరుగుతాయి, ఎండకు తగ్గుతాయి తప్ప పూటపూటకూ నడిచి రావు కదా!

ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని బంద్. అందరూ టెంటులో ఉడుకుతుంటే, అన్నీ తెలిసిన నేను విమానంలో దూరి పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి ఎవరో ఊయల ఊపుతున్నట్టుంది. కిటికీలోంచి చూస్తే తీరం ఎక్కడో ఉంది. నాకు ఈత రాదు. నిజం చెప్పొద్దూ, ఏడ్చాను. అయితే అది ప్రాణం పోతుందని కాదు, పని పోతుందని (గొప్పకు చెప్పడం లేదు, అప్పటి తెలివి అంతే).

ఇంతలో కాకా చెప్పులు చేత పట్టుకుని సముద్రంలో నడిచి రావడం కనిపించింది. నీళ్ళు నడుము లోతే! రెక్క పట్టి విమానాన్ని ఒడ్డుకు లాక్కొచ్చేసరికి అక్కడ షేఖ్, యల్లా భాయ్ నిలబడి ఉన్నారు. వీడు లోపలెందుకున్నాడని యల్లా భాయ్ పళ్ళు కొరికాడు.

"నీళ్ళు కారుతున్నయా లేవా సూడుమని నేనే కూసోవెట్టిన," అని కాకా నావైపు తిరిగాడు. "చెప్పురా, కారినయా?"

"ఒక్క సుక్క గూడ లేదు కాకా." (నా మొహం మీది తడి వేరే సంగతి.)

బొమ్మ అడిగితే తేలే విమానమే వచ్చిందని షేఖ్ పొంగిపోయాడు. నా పని పక్కా అయింది. దాంతోపాటు ప్రతి శుక్రవారం ఉన్ని కోటు, తోలు టోపీ తొడుక్కుని, ఆ ఎండలో పైలట్‌గా ఫోటోలు దిగే పనీ నాకే దక్కింది.

కాకాకూ ఈత రాదని, లోతెంతో తెలియకుండానే దిగాడని చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. ఇప్పుడు ఆయన లేడు, మేస్త్రీని నేనే. సెలవు మీద ఇంటికి వెళ్ళేటప్పుడు విమానంలో అందరూ నిద్రపోతారు. సముద్రం దాటేదాకా నేను మాత్రం కిటికీకి మొహం ఆనించి కూర్చుంటాను. భయమా అని పక్కసీటువాళ్ళు అడిగితే అవునంటాను. చెప్పులు చేత పట్టుకుని నీళ్ళలో ఎవరైనా నడిచొస్తున్నారేమోనని చూస్తున్నానంటే బాగుండదు కదా.